తామరాకు గరుకుతనం

పని చేస్తూనే పని ఫలం అంటకుండా ఉండటం ఎలా అన్న ప్రశ్నకు ఈ దేశంలో వైదికులూ బౌద్ధులూ ఒకే ఆకును చూపించారు. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో సత్యకామ జాబాలుడు శిష్యుడైన ఉపకోసలుడికి బ్రహ్మవిద్య చెప్పేటప్పుడు తామరాకును ఉదాహరించాడు. భగవద్గీత అయిదో అధ్యాయం పదో శ్లోకంలో కృష్ణుడి నోట అదే ఆకు వచ్చింది. ధమ్మపదం చివరి వర్గంలో బుద్ధుడు కోరికలు అంటనివాణ్ణి దానితోనే పోల్చాడు. శంకరుల పేరు మీద చెప్పుకునే భజగోవిందం మాత్రం ఆకును వదిలేసి దాని మీద వణికే బొట్టును చూసింది. అక్కడి విషయం బతుకు అస్థిరత. ఇన్ని చోట్ల వాడి వాడి ఆ ఉపమానం అరిగిపోయింది. ఇవాళ ఎవరైనా తామరాకు మీద నీటిబొట్టులా ఉండమని సలహా ఇస్తే మనకు తోచే అర్థం ఒక్కటే: దేనిలోనూ తలదూర్చకు, మనసును రాయి చేసుకో, నున్నగా జారిపో. ఈ అర్థం తప్పని నా వాదన. దానికి సాక్ష్యం వ్యాఖ్యాన గ్రంథాల కన్నా ఎక్కువగా, నీళ్లు అంటని పూతలు తయారుచేసే ప్రయోగశాలల నుంచి తెస్తున్నాను. ఆ ఆకును నిజంగా దగ్గర పెట్టుకుని చూసింది వాళ్లే.

జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1970ల్లో రకరకాల మొక్కల ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరీక్షిస్తుండేవాడు. పరికరంలో పెట్టే ముందు ఆకు మీది దుమ్ము కడగాలి. నున్నటి ఆకులకు ఆ కడుగుడు తప్పేది కాదు. గరుకు ఆకులు కొన్ని మాత్రం కడగకముందే శుభ్రంగా కనిపించేవి. శుభ్రతకు నునుపే ఆధారమన్న నమ్మకం అక్కడ తలకిందులైంది. 1997లో ఆయన, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ కలిసి ‘ప్లాంటా’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ గుణం తామర పేరుతోనే లోకమంతా తెలిసింది. తామరాకు పైపొరలో ఒక్కో కణం పైకి పొడుచుకొచ్చి మిల్లీమీటరులో నూరో వంతు స్థాయి బుడిపె అవుతుంది. ఆ బుడిపె మీద మళ్లీ మైనపు గొట్టాలు గుబురుగా మొలిచి ఉంటాయి. ఒక్కోదాని మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే తలవెంట్రుకలో దాదాపు వెయ్యో వంతు. చినుకు వచ్చి ఈ మొనల మీద ఆనుతుంది. మొనల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. బొట్టు పరుచుకున్న జాగాలో నిజంగా ఆకును తాకేది నూటికి రెండు మూడు పాళ్లే. మిగతా బొట్టంతా గాలి మీద కూర్చుంటుంది. 1944లో కాసీ, బాక్స్‌టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సందులున్న తలాల మీద నీటి నడతకు కట్టిన సమీకరణం సారాంశం ఇదే.

నీరు ఒక తలానికి ఎంతగా అతుక్కుంటుందో బొట్టు అంచు దగ్గర కొలిచే కోణం చెబుతుంది. పల్చగా పరుచుకుంటే చిన్న కోణం, గుండ్రంగా నిలబడితే పెద్దది. తామరాకు మీద అది 160 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నీటితో పొత్తు కుదరని రసాయనం ఒకటి నున్నగా పూస్తే అంత కోణం రాదా? రాదు. మామూలు మైనం నున్నగా పూస్తే 105 నుంచి 110 డిగ్రీలు. నున్నటి టెఫ్లాన్ రేకు మీద దానికి కాస్త ఎక్కువ. ఫ్లోరిన్ నిండిన అణువుల కొసలను ఎంత ఒత్తుగా పేర్చినా నున్నటి తలం మీద 120 దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఒక్క డిగ్రీ కావాలన్నా గరుకు రావాలి, సందులు రావాలి, సందుల్లో గాలి నిలవాలి. నా వాదనకు ఇది మొదటి ఆధారం. మనసును బండబారనిచ్చి నునుపు చేసుకుంటే దేనికీ అంటమనుకునేవాళ్లు ఉపమానంలో లేని గుణాన్ని ఉపమానానికి అంటగడుతున్నారు. ఆకు అంటకపోవడానికి కారణం దాని ముట్టుకునే తీరు. వచ్చిన ప్రతి చినుకునూ అది తన మొనల మీద మోస్తుంది, మధ్యలో ఊపిరాడే ఖాళీని మాత్రం వదులుకోదు. ఊపిరి అన్నది మాటవరసకు అనడం లేదు. తామరాకుకు గాలి పీల్చే రంధ్రాలు పైవైపే ఉంటాయి. నీటి పొర వాటిని కప్పేస్తే ఆకుకు గాలి అందదు. అదే మొక్క అడుగున వేళ్లతో చెరువు నీటినే తాగుతుంది. నీటితో దానికి వైరం లేదు.

రెండో ఆధారం ఇంకా బలమైనది. గరుకు ఆకు శుభ్రంగా ఉంటుందన్నాను; ఎవరు శుభ్రం చేస్తారు? వానే. ఆకు మీద పడ్డ ధూళి కూడా బొట్టులాగే మొనల మీదే ఆని ఉంటుంది కాబట్టి దానికి పట్టు తక్కువ. దొర్లే బొట్టుకు అది ఆకు కన్నా గట్టిగా అతుక్కుని దానితో పాటే పోతుంది. వాన పడకపోతే తామరాకు మీద కూడా దుమ్ము పేరుకుంటుంది. నీటి నుంచి దాచిపెట్టిన ఆకు పవిత్రంగా ఉండదు, మురికిగా ఉంటుంది. ఇప్పుడు గీతను చూడండి. పదో శ్లోకంలో తామరాకు వస్తుంది. ఆ వెంటనే పదకొండో శ్లోకంలో, యోగులు సంగం విడిచి, శరీరంతోనూ మనసుతోనూ పని చేసేది ఆత్మశుద్ధి కోసమని వస్తుంది. ఉపన్యాసాల్లో మొదటిది వినిపించినన్ని సార్లు రెండోది వినిపించదు. రెండూ కలిపి చదివితే ఆకు చిత్రం పూర్తవుతుంది: అంటని నీరే కడుగుతుంది, ఫలాపేక్ష లేని పనే మనిషిని శుద్ధి చేస్తుంది. పని మానుకున్నవాడికి ఆ శుద్ధి దొరికే దారి ఈ శ్లోకాల్లో లేదు. భాష్యకారులు కూడా ఇక్కడ పని మానమనలేదు. శంకరులు యజమాని కోసం పనిచేసే సేవకుణ్ణి ఉదాహరిస్తారు. రామానుజులు పదో శ్లోకంలోని బ్రహ్మాన్ని ప్రకృతిగా తీసుకుని, కర్తృత్వాన్ని అక్కడ ఉంచమంటారు. ఎవరి దారిలో చూసినా పని చేసేవాడు ఉన్నాడు, పని ఉంది.

సరే, ఒక మనిషి అంటకుండా ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ప్రయోగశాలల వాళ్లు ఒక మంచి జాగ్రత్త నేర్పుతారు. గులాబీ రేకు మీద కూడా నీటిబొట్టు దాదాపు గోళంలా నిలుస్తుంది, కోణం 150 డిగ్రీలు దాటుతుంది. చూపుకు తామరాకుకూ దానికీ తేడా లేదు. రేకును తలకిందులు చేస్తే మాత్రం బొట్టు పడదు, వేలాడుతూ ఉంటుంది. చైనా శాస్త్రజ్ఞులు 2008లో దీన్ని వివరంగా ప్రకటించాక ఈ రంగంలో కోణం ఒక్కటే చూపించి గొప్పలు చెప్పుకోవడం తగ్గింది. తలాన్ని ఎన్ని డిగ్రీలు వంచితే బొట్టు దొర్లుతుందో కూడా కొలిచి చూపాలి. వైరాగ్యానికీ ఈ రెండో కొలతే సరైనది. నిమ్మళంగా, గుండ్రంగా, ఎవరితో తగువు లేకుండా కనిపించే మనుషులు బోలెడంత మంది ఉంటారు. పదవి వదలాల్సిన రోజున, కొడుకు మాట వినని రోజున, పక్కవాడికి పేరొచ్చిన రోజున తెలుస్తుంది తామరో గులాబీయో.

తామరాకుకూ ఒక బలహీనత ఉంది, దాన్ని దాచిపెట్టి ఉపమానాన్ని పొగడటం న్యాయం కాదు. 2005లో జనరల్ మోటార్స్ పరిశోధకులు చెంగ్, రోడాక్ తామరాకు మీద పైనుంచి నీరు పోయకుండా ఆవిరి చల్లబడి అక్కడే నీరయ్యేలా చేశారు. ఆ నీరు జారలేదు. బుడిపెల సందుల్లోనే, గాలి ఉండాల్సిన చోటే పుట్టింది కాబట్టి అంటుకుపోయింది. బయటి నుంచి వచ్చిపడే చినుకును విదిలించగల ఆకు, తన సందుల్లోనే చల్లగా కూడిన తడి దగ్గర ఓడిపోయింది. సంసారంలో ఎదురయ్యే ఆకర్షణలను తట్టుకున్నవాళ్లు కూడా లోపల మెల్లగా పేరుకునే అభిమానం దగ్గర, నేను విరాగిని అన్న గర్వం దగ్గర ఎందుకు తడిసిపోతారో మన శాస్త్రాలు వాసనల పేరుతో చెప్పిన సంగతి ఇదే. దీనికి మందు కూడా ప్రయోగశాలలోనే దొరికింది. 2009లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో బొరేకో, చెన్ ఆ తడిసిన ఆకును కంపింపజేశారు. సందుల్లో ఇరుక్కున్న నీరు పైకి లేచి మళ్లీ గుండ్రని బొట్టయింది. చెరువులో పొడుగాటి కాడ మీద నిలిచిన ఆకును గాలి ఊపుతూనే ఉంటుంది. ఊపు తగలని చోట, అంటే ఎవరూ ప్రశ్నించని పీఠాల మీద, ఆ తడి ఎలా ఆరుతుందో నాకు తోచదు.

ఇక్కడ చదువుకున్న పాఠకుడు అడ్డు తగలవచ్చు. ఉపమానం ఒక్క అంశానికే చెల్లుతుంది. చంద్రముఖి అన్నప్పుడు ఆ ముఖం మీద మచ్చలు వెతకం కదా, అలాంటిది ఉపనిషత్కారుడికి తెలియని నానోమీటర్ల లెక్కలన్నీ తెచ్చి తామరాకు మీద రుద్దడం ఏమిటి అని. ఆక్షేపణ సబబే. మనం ఆ ఒక్క అంశం దగ్గరే, అంటదు అన్నచోటే, ఆగి ఉంటే నాకు పేచీ లేదు. కానీ మనం ఆగలేదు. నునుపు, జడత్వం, దూరం అనే మూడు గుణాలు శ్లోకంలో లేవు, ఆకులోనూ లేవు. చదివేవాళ్లు సొంతంగా కలిపారు. ఎలాగూ ఉపమానాన్ని పెంచుకుంటున్నప్పుడు ఆకులో ఉన్న గుణాలతో పెంచుకోవడం మేలు. ఇంకో రకం పాఠకుడు దీనికి విరుద్ధంగా సంబరపడి, నానో సాంకేతికత మన ఋషులకు ముందే తెలుసనడానికి ఈ వ్యాసం సాక్ష్యమంటాడేమో. కాదు. వాళ్లు చెరువు గట్టున నిలబడి కళ్లతో చూసి ఒక మంచి పోలిక ఎన్నుకున్నారు. కారణం వాళ్లు చెప్పలేదు, చెప్పామని అనుకోలేదు కూడా.

ఆకును చూసి పరిశ్రమ ఏం చేసిందన్నది ఈ ప్రశ్నకు అవతలి ముఖం. తామర మైనాన్ని ఫ్యాక్టరీలో మొలిపించడం తేలిక కాదు. అందుకని ఎపాక్సీ, పాలీయురిథేన్, సిలికోన్ లాంటి పాలిమర్‌లో సిలికా, టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ వంటి వాటి నానో రేణువులు కలిపి పూస్తారు. రేణువులు గరుకునిస్తాయి, వాటి మీద, పాలిమర్ మీద ఉన్న నీరు గిట్టని రసాయనం మిగతా పని చేస్తుంది. 1999 నుంచి ఇళ్ల గోడలకు ఇలాంటి రంగు జర్మనీ మార్కెట్‌లో ఉంది. గాలిమరల రెక్కల మీద మంచు పట్టకుండా, ఉక్కు తుప్పు పట్టకుండా, బట్టలు తడవకుండా, నీటిలో కలిసిన నూనెను వేరు చేయడానికి ఈ పూతల మీద పని జరుగుతోంది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ సోలార్ పలకల మీద దుమ్ము సులువుగా వదిలిపోయే పూతను రూపొందించింది. వీటన్నిటికీ ఉన్న జబ్బు ఒక్కటే: గీసుకుంటే పోతాయి. మొనలు ఎంత సన్నగా ఉంటే నీరు అంత బాగా జారుతుంది, అంత తేలిగ్గా విరుగుతాయి కూడా. తామరాకుకూ మొనలు విరుగుతాయి గానీ, బతికున్న ఆకు మైనాన్ని మళ్లీ స్రవించుకుంటుంది. 2020లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీనికి దారి చూపింది: నానో గరుకును నేరుగా బయటపెట్టకుండా, గట్టి సూక్ష్మ చట్రాల గుంటల్లో ఉంచితే, రాపిడిని చట్రం భరిస్తుంది, నీటిని లోపలి గరుకు తోస్తుంది. మతం విషయంలో ఆచారం ఎందుకు, జ్ఞానం చాలదా అని అడిగేవాళ్లకు ఇందులో ఆలోచించుకోదగ్గది ఉంది. చట్రమే సర్వస్వమని పట్టుకుని లోపల గుంటలు ఖాళీగా ఉంచుకున్నవాళ్లకు కూడా.

ఈ పూతల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది విద్యుత్ తీగల ఇన్సులేటర్ల మీద వేసే సిలికోన్ పూత. సముద్రతీరంలో పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు, దుమ్ము పేరుకుంటాయి. మంచుకు ఆ పొర తడిసిందంటే కరెంటు దాని మీదుగా పాకి మెరుపులా దూకుతుంది, లైన్ ట్రిప్ అవుతుంది. సిలికోన్ రబ్బరు పూత మీదా దుమ్ము పడుతుంది, ఆపలేం. అయితే రబ్బరు లోపలి చిన్న సిలికోన్ అణువులు నెమ్మదిగా పైకి పాకి, పేరుకున్న ఆ మురికిని కూడా కమ్ముకుని, మురికికే నీరు అంటని గుణం తెచ్చిపెడతాయి. సత్సంగం గురించి చెప్పే చాలా మాటల కన్నా ఈ ఒక్క ఉదాహరణ నాకు ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది. తన శుభ్రత తనకే పరిమితం చేసుకోని వైరాగ్యం అలా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ఫ్లోరిన్ కథ. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ ఒక గ్యాసు సిలిండరు తెరిస్తే గ్యాసు రాలేదు. సిలిండరును కోసి చూస్తే లోపల తెల్లటి పొడి. దేనికీ అంటని, ఏ ఆమ్లానికీ లొంగని ఆ పదార్థం తరువాత టెఫ్లాన్ అయింది, నాన్‌స్టిక్ పెనం రూపంలో మన వంటింట్లోకీ వచ్చింది. దాని తయారీలో దశాబ్దాల పాటు వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం, వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ ఫ్యాక్టరీ నుంచి చుట్టుపక్కల ఊళ్ల తాగునీటిలో కలిసింది. కోర్టు ఒప్పందం ప్రకారం ఏర్పడిన శాస్త్రజ్ఞుల బృందం 2012 నాటికి మూత్రపిండాల క్యాన్సర్‌తో సహా ఆరు జబ్బులకు దానితో సంబంధం ఉండవచ్చని తేల్చింది. 2019లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. ఈ జాతి రసాయనాల్లోని కార్బన్-ఫ్లోరిన్ బంధం సేంద్రియ రసాయనశాస్త్రంలోని అత్యంత బలమైన బంధాల్లో ఒకటి, ప్రకృతిలో దాన్ని విడగొట్టేది దాదాపు లేదు. 2022లో స్టాక్‌హోం విశ్వవిద్యాలయ పరిశోధకులు అంటార్కిటికాలో, టిబెట్ పీఠభూమిలో పడే వానలో కూడా పీఎఫ్ఓఏ ఉందని, అది అమెరికా అప్పట్లో సూచించిన తాగునీటి పరిమితిని మించి ఉందని రాశారు. తామరాకు ఇవాళ విదిలించే చినుకులో కూడా అది ఉంటుందన్నమాట.

దేనికీ అంటనిది విడిపోదు, విడిపోనిది పోదు. వైరాగ్యాన్ని జడత్వంగా అర్థం చేసుకుంటే దాని పర్యవసానం ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ తత్త్వశాస్త్రంలో దొరకదు. భార్యాబిడ్డల్ని గాలికొదిలి తాను ముక్తుణ్ణయ్యానని చెప్పుకునేవాడు తన తడిని తీసి ఎవరి మీదో వేశాడు. అతని ఒంటి మీద నీటిచుక్క లేదు నిజమే. ఆ నీరు ఎటు పోయింది, ఎవరి గిన్నెలో పడింది అని అడగకుండా అతనికి దండం పెట్టకూడదు. తామరాకు విదిలించిన నీరు తాను నిలబడ్డ చెరువులోనే పడుతుంది, ఆకు రాలితే ఆ మైనంతో సహా బురదలో కుళ్లి మట్టవుతుంది. ఫ్లోరిన్ పూతకు అలాంటి చెరువు లేదు.

పరిశ్రమల తరఫున ఒక జవాబు ఉంది, అది వినాలి. పూర్తిగా తయారైన టెఫ్లాన్ పాలిమర్ వేరు, తయారీలో వాడిన పీఎఫ్ఓఏ వేరు. మొదటిదానిలో ఉపద్రవం తక్కువ, వైద్య పరికరాల్లో, చిప్‌ల తయారీలో ఫ్లోరిన్ పాలిమర్లకు ఇప్పటికీ సరైన ప్రత్యామ్నాయం లేదు. నిజమే. దానికి తగ్గట్టే విచక్షణ కావాలి. గుండె ఆపరేషన్‌కు వాడే గొట్టానికీ, రెండు వానలు తట్టుకుంటే చాలే రెయిన్‌కోటుకూ ఒకే రసాయనం అవసరం లేదు. రెండోదానికి సిలికోన్, మైనం, సిలికా రేణువులు సరిపోతాయి, అలాంటివి మార్కెట్‌లో ఉన్నాయి కూడా. చివరిగా ఇంకొక ప్రశ్న మిగిలింది. పూతకు కోరిక లేదు, దుఃఖం లేదు, ఫలాపేక్ష లేదు. మరి అదే పరమ విరాగి కాదా? కాదు. అంటుకునే శక్తి ఉన్నదానికే అంటకపోవడం సాధన. గోడ మీది రంగుకు మోక్షం అక్కర్లేదు. తడిసే అవకాశం ఉండి, వేళ్లతో అదే నీరు తాగుతూ, పైన ఊపిరికి చోటు ఉంచుకునే ఆకునే సత్యకామ జాబాలుడు ఎన్నుకున్నాడు.

కాబట్టి ఉపన్యాసకులకూ, ఇంట్లో గీత చదువుకునేవాళ్లకూ ఒక మనవి: అయిదో అధ్యాయం పదో శ్లోకం ఎత్తుకున్నప్పుడల్లా పదకొండోదాన్ని కూడా చదవండి. నాన్‌స్టిక్ పెనమో రెయిన్‌కోటో కొనేటప్పుడు దానిలో ఫ్లోరిన్ ఉందా అని షాపువాణ్ణి అడగండి.